చేతికి తగలని బిళ్ళ

నాలుక అంచున పుండు. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. స్కానింగులో మెడ బాగానే ఉందని రాశారు. సర్జన్ దవడ కింద నుంచి గూడ ఎముక దాకా రెండు వైపులా వేళ్ళతో తడిమి చూసి, ‘బిళ్ళలేమీ తగలడం లేదమ్మా, తొలి దశలోనే వచ్చారు’ అన్నారు. ఇంట్లోవాళ్ళ మనసు కొంచెం కుదుటపడింది. మరు నిమిషమే ఆయన ఇంకో మాట కూడా అన్నారు: ‘నాలుక ఆపరేషన్‌తో పాటు మెడకూ చేస్తాం.’

ఈ మాట విన్న ప్రతి కుటుంబానికీ వచ్చే సందేహం ఒకటే. మెడలో ఏమీ లేదని ఇప్పుడే చెప్పారు, మరి లేని జబ్బుకు కోత ఎందుకు?

న్యాయమైన సందేహమే. క్యాన్సర్ సర్జన్లు కూడా దీని మీద ముప్పై నలభై ఏళ్ళు తర్జనభర్జన పడ్డారు. కొందరు ముందే తీసేయాలన్నారు. కొందరు కనిపెట్టుకుని ఉండి, బిళ్ళ కట్టినప్పుడు తీస్తే సరిపోతుందన్నారు. ఆ వాదనకు గట్టి జవాబు 2015లో వచ్చింది. అది ముంబయిలోని పరేల్ నుంచి, మన దేశపు రోగుల నుంచి వచ్చింది. ఆ జవాబంతా అంకెల్లోనే ఉంది కాబట్టి ఒక్కో అంకెనూ విప్పి చూద్దాం.

300: మెడలోని కాపలా గదులు

మన ఒంట్లో లింఫు గ్రంథులు దాదాపు 800 ఉంటాయి. అందులో సుమారు 300 మెడలోనే ఉన్నాయి. జలుబు చేసినా, పన్ను పుచ్చినా మెడలో ‘బిళ్ళ కట్టింది’ అంటామే, అవే ఇవి. నోటి నుంచి, గొంతు నుంచి వచ్చే లింఫు ద్రవం వీటి గుండా వడకట్టుకుని ముందుకు పోతుంది. క్రిములు వస్తే ఇక్కడే ఆగుతాయి. క్యాన్సర్ కణాలు గడ్డ నుంచి విడివడి ప్రయాణం కట్టినా మొదట ఆగేది ఇక్కడే.

సర్జన్లు ఈ గ్రంథులను అంతస్తులుగా లెక్కిస్తారు. గడ్డం కింద, దవడ కింద ఉన్నవి ఒకటో లెవెల్. మెడ పక్కన పెద్ద రక్తనాళం వెంట పై భాగంలో ఉన్నవి రెండు, మధ్యలో ఉన్నవి మూడు, కింద గూడ ఎముక దగ్గర ఉన్నవి నాలుగు. మెడ వెనుక వైపు త్రికోణంలో ఉన్నవి ఐదో లెవెల్. నాలుక క్యాన్సర్ సాధారణంగా మొదటి మూడు అంతస్తుల్లోనే దిగుతుంది. న్యూయార్క్‌లో సర్జన్ జతిన్ షా 1,081 మంది రోగులకు జరిగిన 1,119 మెడ ఆపరేషన్ల నివేదికలను పరిశీలించి 1990లో ఈ దారిని స్పష్టంగా గీసి చూపించారు. ఎక్కడెక్కడ తీయాలి, ఎక్కడ వదిలేయొచ్చు అన్న నేటి పద్ధతికి ఆ పటమే ఆధారం.

నాలుక విషయంలో ఈ ప్రయాణం త్వరగా మొదలవుతుంది. నాలుకంతా కండరమే. మాటకూ మింగుడుకూ రోజంతా కదులుతూనే ఉంటుంది. లోపల లింఫు నాళాల వల ఒత్తుగా అల్లుకుని ఉంటుంది. అందుకే పైకి చిన్నగా కనిపించే పుండు కూడా మెడకు కణాలను పంపి ఉండొచ్చు.

100లో 30: దాగి ఉన్న జబ్బు

సర్జన్ వేళ్ళకు తగలాలంటే బిళ్ళ కొంత పెరిగి ఉండాలి. సీటీ స్కాన్‌లో అనుమానించాలంటే గ్రంథి సుమారు ఒక సెంటీమీటరుకు మించి ఉబ్బాలి, లేదా దాని మధ్య భాగం కుళ్ళినట్టు కనిపించాలి. కానీ గ్రంథిలోకి కొత్తగా చేరిన క్యాన్సర్ గుంపు 2 మిల్లీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. అంత చిన్న గుంపును చేయి పట్టలేదు, సీటీ పట్టలేదు, పెట్ స్కాన్ కూడా పట్టలేదు. దాన్ని చూడగలిగేది ఒక్క సూక్ష్మదర్శినే. సూక్ష్మదర్శిని కింద పెట్టాలంటే ఆ గ్రంథి బయటికి రావాలి.

తొలి దశ నాలుక క్యాన్సర్‌తో వచ్చి, మెడలో ఏమీ తగలని 100 మందికి ముందే మెడ గ్రంథులు తీసి పరీక్షిస్తే సుమారు 30 మందిలో క్యాన్సర్ కణాలు బయటపడతాయి. ‘మెడ బాగుంది’ అని విని సంతోషించిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి అప్పటికే జబ్బు మెడకు దిగి ఉందన్న మాట. నివురు కింద నిప్పులా అది కనిపించదు.

ఇదే అంకెను తిప్పి చదవాలి కూడా. మిగిలిన 70 మందికి మెడలో నిజంగానే ఏమీ లేదు. వాళ్ళకు కూడా మెడ కోసినట్టే కదా? ఇన్నేళ్ళ వాదన అంతా ఈ 70 మంది గురించే. 30 మందిని కాపాడటానికి 70 మందిని కోయడం సబబా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ఆ కోత ఎంత పెద్దదో, వేచి చూస్తే నష్టం ఎంతో రెండూ తెలియాలి.

1906: మొదటి కోత ఎంత పెద్దది?

మెడ ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఏర్పరచింది అమెరికాలోని క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జ్ క్రైల్. 1906లో ఆయన 132 ఆపరేషన్ల అనుభవాన్ని ప్రచురించారు. తర్వాతి కాలంలో న్యూయార్క్‌లో హేస్ మార్టిన్ దాన్ని ప్రామాణిక పద్ధతిగా స్థిరపరచారు. ఆ రాడికల్ పద్ధతిలో ఐదు అంతస్తుల గ్రంథులతో పాటు మెడ పక్కనున్న పెద్ద కండరం, లోపలి పెద్ద సిర, భుజాన్ని లేపే పదకొండో కపాల నాడి అన్నీ తీసేవాళ్ళు. ప్రాణం దక్కేది. కానీ మెడ ఒక వైపు లోతుగా చిక్కిపోయేది, భుజం వాలిపోయేది, చేయి పైకెత్తి తల దువ్వుకోవడం కష్టమయ్యేది. అలాంటి ఆపరేషన్‌ను మెడలో ఏమీ తగలని మనిషికి చేయడానికి ఏ సర్జన్ అయినా వెనకాడటంలో వింత లేదు.

1963లో అర్జెంటీనా సర్జన్ ఓస్వాల్డో సువారెజ్ ఇంకో దారి చూపించారు. లింఫు గ్రంథులన్నీ పలుచని పొరల మధ్య కొవ్వులో పొదిగి ఉంటాయని, ఆ పొరల వెంట ఒలుచుకుంటూ పోతే కండరం, సిర, నాడి మూడింటినీ మిగిల్చవచ్చని చెప్పారు. ఇటలీలో ఎట్టోరె బొకా దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. జబ్బు పోయే దారి తెలిశాక అన్ని అంతస్తులూ తీయాల్సిన పని కూడా తప్పింది. ఇప్పుడు తొలి దశ నాలుక క్యాన్సర్‌కు ఒకటి, రెండు, మూడు లెవెళ్ళు తీస్తారు. నాలుక క్యాన్సర్ ఒక్కోసారి మధ్య అంతస్తును దాటేసి నేరుగా నాలుగుకు దిగుతుంది కాబట్టి చాలామంది సర్జన్లు దాన్నీ కలుపుతారు. గడ్డ నాలుక మధ్య గీతను తాకితేనో, దాటితేనో మెడ రెండు వైపులా చూడాలి.

పాత ఆపరేషన్ కథలు విన్న పెద్దవాళ్ళు ‘మెడ ఆపరేషన్ అంటే మనిషి మనిషిలా ఉండడు’ అని భయపెడుతుంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. అది వేరే కాలపు ఆపరేషన్ గురించి.

20 శాతం: కాగితం మీద గీసిన గీత

1994లో అమెరికాలో వైస్, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. ముందే ఆపరేషన్ చేస్తే వచ్చే ఇబ్బందులు, ముందే రేడియేషన్ ఇస్తే వచ్చే ఇబ్బందులు, వేచి చూస్తే ఎదురయ్యే ప్రమాదం, ఈ మూడింటినీ తూకం వేశారు. మెడలో జబ్బు దాగి ఉండే అవకాశం 20 శాతం దాటితే వేచి ఉండకుండా వైద్యం చేయడమే మేలని తేల్చారు.

ప్రపంచమంతటా సర్జన్లు ఈ 20 శాతం గీతను పట్టుకుని నడిచారు. అయితే అది నిజమైన రోగులను రెండు జట్లుగా విడదీసి చూసిన ఫలితం కాదు, అప్పటి సమాచారంతో వేసిన అంచనా. పైగా తన ఎదుట కూర్చున్న ఈ రోగికి మెడలో జబ్బు దాగి ఉండే అవకాశం 18 శాతమా, 25 శాతమా అని ఏ డాక్టరు మాత్రం కచ్చితంగా ఎలా చెప్పగలరు? గీత ఉంది గానీ, మనిషి గీతకు ఏ వైపున ఉన్నాడో తెలియదు.

283: చిన్న జట్లు, పెద్ద వాదన

రోగులను రెండు జట్లుగా చేసి చూసిన పరీక్షలు లేకపోలేదు. 1980లో ఫ్రాన్స్‌లో 75 మందితో ఒకటి, 1989లో ముంబయి టాటా మెమోరియల్‌లో 70 మందితో ఒకటి, 1994లో బ్రెజిల్‌లో 67 మందితో ఒకటి, 2009లో హాంకాంగ్‌లో 71 మందితో ఒకటి వెలువడ్డాయి. నాలుగూ కలిపితే 283 మంది. ఒకదాంట్లో ముందే చేయడం మేలనిపించింది, ఇంకోదాంట్లో ప్రాణాల లెక్కలో తేడా కనిపించలేదు. ఇంత చిన్న జట్లలో పది మంది అటో ఇటో అయితే ఫలితమే మారిపోతుంది. అందుకే ఒకే జబ్బుకు ఒక ఊళ్ళో ఒక మాట, ఇంకో ఊళ్ళో ఇంకో మాట చెప్పేవాళ్ళు.

ఈ చిక్కు విప్పడానికి పెద్ద పరీక్ష కావాలి. అంతమంది రోగులు ఒక్క చోట దొరకాలి. ఆ దురదృష్టం మన దేశానికే ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఒక్క ఏడాదిలో దాదాపు 1.43 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ప్రపంచంలో ఈ జబ్బు బారిన పడేవారిలో మూడో వంతుకు మించి మనవాళ్ళే. గుట్కా, ఖైనీ, జర్దా, వక్క, పొగ, వీటన్నిటి మూల్యం అది.

500: పరేల్‌లో కుదిరిన లెక్క

2004 జనవరిలో ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో అనిల్ డిక్రూజ్ నాయకత్వంలో ఈ పరీక్ష మొదలైంది. నోటిలో ఒక పక్కన మాత్రమే చిన్న గడ్డ ఉండి, మెడలో ఏమీ తగలని రోగులను తీసుకున్నారు. దాదాపు 85 శాతం మందిది నాలుక క్యాన్సరే. చీటీ తీసినట్టు ఏ పక్షపాతమూ లేకుండా వారిని రెండు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు నోటి గడ్డతో పాటే మెడ గ్రంథులు తీశారు. రెండో జట్టుకు నోటి గడ్డ మాత్రమే తీసి, మెడను కనిపెట్టుకుని ఉండి, బిళ్ళ కడితేనే ఆపరేషన్ చేశారు.

710 మందిని చేర్చుకోవాలన్నది మొదటి లక్ష్యం. 2014 జూన్ నాటికి 596 మంది చేరారు. అప్పటిదాకా తగినంత కాలం గమనించిన మొదటి 500 మంది లెక్క తీయగానే తేడా కళ్ళకు కట్టింది. ఇక కొత్త రోగులను ‘వేచి చూసే’ జట్టులో వేయడం న్యాయం కాదని పరీక్షను అక్కడితో ఆపారు. 2015లో షికాగోలో జరిగిన అమెరికా క్యాన్సర్ వైద్యుల మహాసభలో ప్రధాన వేదిక మీద ఫలితాలు చదివారు. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అవి అచ్చయ్యాయి.

ఆ అంకెలివి. ముందే మెడ ఆపరేషన్ జరిగిన 245 మందిలో 81 మందికి జబ్బు తిరగబెట్టింది, 50 మంది చనిపోయారు. వేచి చూసిన 255 మందిలో 146 మందికి తిరగబెట్టింది, 79 మంది చనిపోయారు. వేచి చూసినవారిలో సగం మందికి మించి జబ్బు తిరిగి వచ్చిందన్న మాట.

మూడేళ్ళ లెక్కలో చూస్తే ముందే చేసిన జట్టులో 80 శాతం బతికి ఉన్నారు. వేచి చూసిన జట్టులో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి జట్టులో 69.5 శాతం, రెండో జట్టులో 45.9 శాతం.

మొదటి జట్టులోనూ 81 మందికి జబ్బు తిరగబెట్టిందన్న సంగతి మరవకూడదు. ముందే మెడ ఆపరేషన్ చేయడం జబ్బు రాదన్న హామీ కాదు. అవకాశాన్ని మన వైపు తిప్పుకోవడం మాత్రమే.

8: ఒక ప్రాణం వెల

శాతాలు మనసుకు ఎక్కవు. వాటిని మనుషుల లెక్కలోకి మారుద్దాం. 80లోంచి 67.5 తీసేస్తే 12.5. అంటే 100 మందికి ముందే మెడ ఆపరేషన్ చేస్తే, వేచి చూసినప్పటి కంటే మూడేళ్ళ నాటికి పన్నెండు పదమూడు మంది ఎక్కువగా బతికి ఉంటారు. 100ను 12.5తో భాగిస్తే 8. ఎనిమిది మందికి మెడ ఆపరేషన్ చేస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. తిరగబెట్టడం విషయంలో తేడా 23.6 శాతం. అంటే నలుగురికి చేస్తే ఒకరికి జబ్బు తిరిగి రాకుండా ఆగుతుంది. క్యాన్సర్ వైద్యంలో ఒక్క అదనపు చర్యతో ఇంత ఫలితం రావడం అరుదు. ఇందుకు కొత్త మందు అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. నేర్చిన సర్జన్ చేయి చాలు, అదే మత్తులో.

మరి బిళ్ళ కట్టాక తీస్తే ఎందుకు సరిపోవడం లేదు? ఆ పరీక్షలో మొదటి ఆరు నెలలు నాలుగు వారాలకోసారి పిలిచి మెడ చూశారు. అంత దగ్గరగా కనిపెట్టినా, బిళ్ళతో తిరిగి వచ్చినవారిలో జబ్బు ముదిరి ఉంది. ఎక్కువ గ్రంథులకు పాకింది, గ్రంథి పొరను చీల్చుకుని బయటి కణజాలంలోకి వచ్చింది. పొర దాటిన జబ్బు నాడులకూ రక్తనాళాలకూ అంటుకుంటుంది. అప్పుడు చేసే ఆపరేషన్ చిన్నది కాదు. ముందే చేస్తే కండరాన్నీ నాడినీ మిగిల్చే కోత సరిపోయేది. వేచి చూశాక అదే మనిషికి ఒక్కోసారి నాడినో సిరనో వదులుకోవాల్సి వస్తుంది.

ఇక్కడే మన ఊళ్ళ సంగతి ఆలోచించాలి. నాలుగు వారాలకోసారి రావడం టాటా పరీక్షలో ఉన్నవాళ్ళకు కుదిరింది, అక్కడ గుర్తుచేసి పిలిచే వ్యవస్థ ఉంది. ఏజెన్సీ పల్లె నుంచో, పాలమూరు తండా నుంచో హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రికి గానీ, విశాఖ అగనంపూడిలో టాటా వారే నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి గానీ ఏడాదికి పది సార్లు రావాలంటే ఎన్ని రోజుల కూలి పోతుంది? పుండు మానింది, నొప్పి లేదు, ఇంకెందుకు అనుకుని రెండు మూడు సార్లు తప్పించుకున్నవాడు మళ్ళీ వచ్చేది మెడలో నిమ్మకాయంత బిళ్ళతోనే. దగ్గరుండి కనిపెట్టుకోలేని చోట వేచి చూడటమన్నది వైద్యం కానే కాదు.

2019లో బ్రిటన్‌లోనూ 250 మందితో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. పాత పరీక్షలతో కలిపి చూసి వాళ్ళూ అదే తేల్చారు. చిన్న గడ్డలకు కూడా ముందే మెడ ఆపరేషన్ చేయడం మేలు.

3 నుంచి 4 మిల్లీమీటర్లు: లోతు చెప్పే మాట

అలాగని నాలుక మీద ప్రతి చిన్న పుండుకూ మెడ కోయాలా? ఇక్కడ నిర్ణయించేది గడ్డ వెడల్పు కంటే లోతు. పుట్టగొడుగులా పైకి లేచిన గడ్డ చూడటానికి పెద్దదిగా ఉన్నా లోపలికి కొంచెమే దిగి ఉండొచ్చు. గుంటపడ్డ చిన్న పుండు కండరంలోకి లోతుగా చొచ్చుకుపోయి ఉండొచ్చు. అందుకే లోతును గడ్డ పైనుంచి కొలవరు. పక్కనున్న ఆరోగ్యకరమైన పొర మట్టం నుంచి, తాపీ మేస్త్రీ గోడ నిలువు చూడటానికి గుండుదారం వదిలినట్టు, నిట్టనిలువుగా లోపలికి కొలుస్తారు.

టాటా పరీక్షలో 3 మిల్లీమీటర్ల లోతు ఉన్నవారిలో మెడ గ్రంథులకు జబ్బు చేరింది 5.6 శాతం మందికే. 4 మిల్లీమీటర్లకు రాగానే అది 16.9 శాతానికి ఎగబాకింది. ఒక్క మిల్లీమీటరు తేడా, మూడు రెట్ల ప్రమాదం. 3 మిల్లీమీటర్ల లోపు ఉన్నవారికి ముందే మెడ ఆపరేషన్ చేయడం వల్ల లాభం అంత స్పష్టంగా కనిపించలేదు. అందుకే చాలా పలుచని గడ్డ ఉన్నవారి విషయంలో సర్జన్ ‘మెడ వద్దు, కనిపెట్టుకుని ఉందాం’ అంటే అది నిర్లక్ష్యం కాదు.

2018 నుంచి అమలులో ఉన్న క్యాన్సర్ దశల లెక్కలో కూడా లోతుకు చోటు దక్కింది. అంతకు ముందు 2 సెంటీమీటర్ల లోపు గడ్డ అయితే చాలు, మొదటి దశే. ఇప్పుడు దానితో పాటు లోతు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 5 దాటితే రెండో మెట్టు, 2 సెంటీమీటర్లు దాటిన గడ్డ లోతు 10 దాటితే మూడో మెట్టు. చిక్కేమిటంటే, మొదట చేసే ముక్క పరీక్షలో పైపైన తీసిన ముక్కకు అసలు లోతు తెలియదు. ఎంఆర్ఐ స్కాన్, అనుభవం ఉన్న వేళ్ళ తడిమింపు అంచనా ఇస్తాయి. కచ్చితమైన అంకె తెలిసేది గడ్డ తీసి పరీక్షించాకే.

18: తీసిన గ్రంథుల లెక్క

మెడ ఆపరేషన్ చేశామంటే సరిపోదు, ఎంత శ్రద్ధగా చేశారన్నదీ ముఖ్యమే. పలు దేశాల్లోని 9 ఆస్పత్రుల నుంచి 1,567 మంది నోటి క్యాన్సర్ రోగుల వివరాలు కలిపి చూస్తే, తీసిన గ్రంథులు 18 కంటే తక్కువ ఉన్నవారి ఫలితాలు బాగాలేవు. సర్జన్ తీయడం ఒక ఎత్తు. తీసిన కొవ్వు ముద్దలోంచి ఒక్కో గ్రంథినీ ఓపికగా వెతికి లెక్కపెట్టే పాథాలజిస్టు పని ఇంకో ఎత్తు. రిపోర్టులో ఉండే ఈ అంకె ఇద్దరి శ్రద్ధకూ గుర్తు.

ఇక ఇబ్బందుల సంగతి దాచకూడదు. టాటా పరీక్షలో ఆపరేషన్ సంబంధమైన ఇబ్బందులు ముందే మెడ చేసిన జట్టులో 6.6 శాతం, వేచి చూసిన జట్టులో 3.6 శాతం. దవడ కిందుగా పోయే సన్నని నాడికి దెబ్బ తగిలితే కింది పెదవి ఒక వైపు కొంత కాలం వంకర పోతుంది. భుజం నాడిని తెగకుండా కాపాడినా దాన్ని కదిలించినందుకే కొన్ని నెలలు భుజం నొప్పి, బరువు ఉండొచ్చు. ఎడమ వైపు కింది భాగంలో పెద్ద లింఫు నాళానికి గండి పడితే పాలలాంటి ద్రవం కారుతుంది. చెవి చుట్టూ, మెడ మీద తిమ్మిరి చాలామందికి ఉంటుంది. మెడ పక్కన పెట్టిన గొట్టంలో ద్రవం తగ్గేదాకా కొన్ని రోజులు దాన్ని ఉంచుతారు. భుజం వ్యాయామాలు డాక్టరు చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టాలి. నొప్పి అని కదల్చకుండా ఉంచేసిన భుజం బిగుసుకుపోతుంది.

30 సిట్టింగులు: రిపోర్టు వచ్చాక

మెడ ఆపరేషన్ వైద్యం మాత్రమే కాదు, పరీక్ష కూడా. గ్రంథుల రిపోర్టు వచ్చాకే తర్వాతి దారి తెలుస్తుంది. గ్రంథుల్లో జబ్బు ఉంటే ‘కరెంటు పెట్టించుకోవాలి’ అంటారే, ఆ రేడియేషన్ అవసరమా కాదా అన్నది నిర్ణయిస్తారు. మామూలుగా 60 గ్రే మోతాదును 30 సిట్టింగులుగా, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల పాటు ఇస్తారు. గ్రంథి పొరను దాటి జబ్బు బయటికి వచ్చి ఉంటే దానికి తోడు సిస్‌ప్లాటిన్ మందు కూడా కలుపుతారు. ఇవన్నీ ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుకావడం మంచిది. గాయం మానాక చూద్దామని పండగలూ పెళ్ళిళ్ళూ చూసుకుని వాయిదా వేసుకుంటూ పోతే ఆ ఆలస్యానికి మూల్యం ఉంటుంది.

గ్రంథుల్లో జబ్బు లేకపోతే, గడ్డ లోతూ అంచులూ బాగుంటే, చాలామందికి రేడియేషన్ అవసరమే పడదు. నోరు ఎండిపోవడం, రుచి పోవడం, దవడ బిగుసుకోవడం వంటి బాధలన్నీ తప్పుతాయి.

ఒకటి నుంచి నాలుగు: కావలి బిళ్ళను వెతికే పద్ధతి

మెడలో నిజంగా ఏమీ లేని ఆ 70 మందిని కోత నుంచి తప్పించే దారి లేదా? ఉంది. గడ్డ చుట్టూ కొద్దిగా రేడియోధార్మిక ద్రవం ఎక్కిస్తే అది లింఫు నాళాల వెంట పోయి మొదటగా ఏ గ్రంథిలో ఆగుతుందో గామా ప్రోబ్‌తో పట్టుకోవచ్చు. ఆ ఒకటి నుంచి నాలుగు కావలి గ్రంథులను మాత్రమే తీసి, పలుచని పొరలుగా కోసి వెతుకుతారు. అందులో జబ్బు లేకపోతే మెడ జోలికి పోరు. ఉంటే పూర్తి ఆపరేషన్ చేస్తారు.

ఐరోపాలోని 14 కేంద్రాల్లో 415 మందిపై ఈ పద్ధతిని గమనించారు. కావలి గ్రంథి బాగుందని తేలినవారిలో 95 శాతం మందికి మెడ నిజంగానే బాగుంది. ఫ్రాన్స్‌లో 307 మందితో 2020లో వెలువడిన పోలికలో రెండేళ్ళకు మెడలో జబ్బు తిరగబెట్టనివారు పూర్తి ఆపరేషన్ జట్టులో 89.6 శాతం, కావలి గ్రంథి జట్టులో 90.7 శాతం. జపాన్‌లో 271 మందితో 2021లో వచ్చిన ఫలితాల్లో మూడేళ్ళకు బతికి ఉన్నవారు కావలి గ్రంథి జట్టులో 87.9 శాతం, పూర్తి ఆపరేషన్ జట్టులో 86.6 శాతం. రెండూ సమానమేనన్న మాట.

అయితే దీనికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి, ఒక్కో గ్రంథినీ డజన్ల ముక్కలుగా చూడగల పాథాలజీ కావాలి, ఈ పని చేసి చేసి చేయి తిరిగిన సర్జన్ కావాలి. అవన్నీ ఉన్న చోట ఇది మంచి దారి. లేని చోట సగం సగం చేసే ప్రయత్నం కంటే మొదటి మూడు లెవెళ్ళు శుభ్రంగా తీయడమే క్షేమం.

అడగవలసిన అయిదు మాటలు

నాలుక మీద మూడు వారాలు దాటినా మానని పుండు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. క్యాన్సరని తేలి ఆపరేషన్ మాట వచ్చినప్పుడు బెదరకుండా, మొహమాటపడకుండా ఇవి అడగాలి. గడ్డ లోతు ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందని అంచనా? మెడ ఏ లెవెళ్ళు తీస్తారు, ఒక వైపా రెండు వైపులా? భుజం నాడిని కాపాడతారా? మెడ చేయనంటే ఎందుకు, ఎన్నాళ్ళకోసారి రావాలి? ఆపరేషన్ తర్వాత రిపోర్టులో ఎన్ని గ్రంథులు తీశారో, ఎన్నింటిలో జబ్బు ఉందో చూపిస్తారా? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. వాళ్ళు రోజూ తమను తాము వేసుకునే ప్రశ్నలే ఇవి.

పది రోజులకో పదిహేను రోజులకో ఆ రిపోర్టు వస్తుంది. ‘మొత్తం గ్రంథులు 24, జబ్బు ఉన్నవి 0’ అని అందులో రాసి ఉందనుకుందాం. ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, ‘చూశారా, ఏమీ లేదు, అనవసరంగా మెడ కోయించారు.’ వాళ్ళకు నిదానంగా చెప్పండి. కోయకముందు ‘ఏమీ లేదు’ అన్నది చేతి అంచనా. మూడు మెడల్లో దాదాపు ఒకటి ఆ మాటను వమ్ము చేస్తుంది. ఇప్పుడు ‘ఏమీ లేదు’ అన్నది సూక్ష్మదర్శిని కింద 24 సార్లు చూసి చెప్పిన మాట. ఆ సున్నా ఉంది కాబట్టే 30 రోజుల కరెంటు తప్పింది. వచ్చే నెల పరీక్షకు వెళ్ళేటప్పుడు మెడ తడుముకుంటూ బస్సులో కూర్చోవాల్సిన భయమూ చాలావరకు తీరింది. లేని జబ్బుకు కోత ఎందుకన్న మొదటి ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీదే ఉంది. జబ్బు లేదని నిజంగా తెలిసింది ఆ కోత వల్లే.